సౌగంధికం కోసం ఎవరెళ్ళాలి?

మా వీధి మహిళా మండలిలో చదువుతో కాస్త సంబంధం వున్న పని ఏదొచ్చినా తీసుకొచ్చి నా నెత్తిన పెడతారు. శుభలేఖలో తప్పులు దిద్దాలన్నా, పిల్లల వక్తృత్వ పోటీకి మార్కులు వెయ్యాలన్నా, "ఆవిడున్నారుగా, నవలలు రాస్తారు" అనేస్తారు. నవలలు రాసే మనిషికి చదవడం అంటే వేయించిన శనగలు నమిలినంత సులువని వాళ్ళ అభిప్రాయం కాబోలు! నేనూ కాదనను. కాదంటే వున్న కాస్త పరువూ పోతుంది మరి.

ఈసారి నాకు అప్పగించిన పని బదరీ యాత్ర. అయిదుగురు ఆడవాళ్ళం కలిసి వెళ్దామనుకున్నాం. యాత్రలు నడిపే ఒకాయన అచ్చు వేయించిన కాగితం తెచ్చి మా ముందు పెట్టాడు. మే నెలలో ప్రయాణం. పన్నెండు రోజులు. ఏ రోజు ఏ వూరు, ఎక్కడ టిఫిను, ఎక్కడ భోజనం, అన్నీ వరసగా వున్నాయి. తొమ్మిదో రోజుకి ఎదురుగా ఇలా వుంది: ఉదయం బదరీనాథ దర్శనం, తిరుగు దారిలో పూల లోయ, రాత్రికి జోషీమఠ్.

"పూల లోయా? అదేమిటే?" అంది మా వదిన.

వదినంటే మావారి అక్కగారు. అరవై రెండేళ్ళ మనిషి. రెండు మోకాళ్ళూ నొప్పులే. అయినా తెల్లవారగానే మేడమెట్లెక్కి కుండీల్లోని మొక్కల్ని పలకరించకపోతే ఆవిడకి కాఫీ దిగదు. ఆవిడకి పూజకంటే పూజకి పూలు కొయ్యడమే ఎక్కువ ఇష్టమని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ మాత్రం ఒప్పుకోదు.

"హిమాలయాల్లో ఎక్కడో పూలు విరగబూసే చోటట వదినా" అన్నాను.

"అట అంటే కుదరదు. చదువుకున్నదానివి. ఏదైనా పుస్తకం వుంటే చదివి చెప్పు, వెళ్ళదగ్గదో కాదో."

చదివాను. ఆ పుస్తకం పేరు 'ది వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్'. రాసినాయన ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లీషువాడు. అచ్చయింది 1938లో. చదివాక మండలి సమావేశంలో నేను చెప్పిందే కాస్త సాఫు చేసి ఇక్కడ రాస్తున్నాను. మీలో కూడా ఎవరైనా ఆ దారి పట్టాలనుకుంటే పనికొస్తుందేమో!

ముందు ఆ యాత్రల కాగితం సంగతి తేల్చెయ్యాలి. విమర్శకులు పెద్ద పెద్ద గ్రంథాలనే పట్టుకుంటారు గానీ, మన డబ్బూ మన కాళ్ళూ ఆధారపడేది ఇలాటి కాగితాల మీదే. ఆ కాగితంలో రెండు అబద్ధాలున్నాయి. మొదటిది మే నెల. పూల లోయ జాతీయ ఉద్యానం. ఏటా జూన్ 1న తెరిచి అక్టోబరు 31న మూసేస్తారు. మేలో అక్కడ మంచు వుంటుంది, మూసిన గేటు వుంటుంది. పూలు నిండుగా వుండేది జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా, అంటే సరిగ్గా వానాకాలంలో.

రెండో అబద్ధం "తిరుగు దారిలో" అన్న మాట. అదేమన్నా దారిలో దిగి కొబ్బరి బోండాం తాగే చోటా? బదరీ నుంచి వెనక్కి పాతిక కిలోమీటర్లు వస్తే గోవింద్ ఘాట్. అక్కణ్ణించి పుల్నా అనే వూరి దాకా జీపు వెళుతుంది. ఆ తర్వాత తొమ్మిది పది కిలోమీటర్లు కొండెక్కితే ఘాంఘరియా. దూరంలో మన అలిపిరి మెట్ల దారి అంత. కాకపోతే తిరుమల కొండ మొత్తం ఎత్తు 850 మీటర్లు. ఘాంఘరియా వున్నదే మూడు వేల మీటర్ల ఎత్తున! రాత్రి అక్కడ పడుకుని మర్నాడు పొద్దున్నే మళ్ళీ మూడు నాలుగు కిలోమీటర్లు ఎక్కితే అప్పుడు లోయ. లోపల రాత్రిపూట వుండనివ్వరు. గుడారం వెయ్యనివ్వరు. పువ్వు కొయ్యనివ్వరు. సాయంత్రంలోగా ఘాంఘరియాకి దిగిపోవలసిందే. దీన్ని పట్టుకుని ఆ కాగితం దర్శనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఇరికించింది. ఏ ప్రబంధ కవీ ఇంత అతిశయోక్తి చెయ్యలేదు.

ఇంక అసలు పుస్తకానికి వస్తాను.

1931లో స్మైత్ నాయకత్వాన ఒక బృందం కామెట్ శిఖరం ఎక్కింది. 7,756 మీటర్ల ఎత్తు. అప్పటిదాకా మానవుడు అంత ఎత్తు శిఖరం మరొకటి ఎక్కలేదు. దిగి వచ్చేటప్పుడు ఒక కనుమ దాటి భ్యూందార్ లోయలోకి దిగారు. వారాల తరబడి మంచూ రాళ్ళూ తప్ప మరోటి చూడని కళ్ళకి హఠాత్తుగా పూలు కనిపించాయి. ఆ బృందం ఆ చోటికి పెట్టుకున్న ముద్దు పేరే 'పూల లోయ'. స్మైత్ ఇంటికి వెళ్ళాడే గానీ ఆ పూలు ఆయన్ని వదల్లేదు. 1937లో మళ్ళీ వచ్చాడు. ఈసారి పెద్ద పటాలం లేదు. డార్జిలింగ్ నుంచి వచ్చిన నలుగురు సహాయకులు, గుడారాలు, మొక్కల్ని నొక్కి ఆరబెట్టే సరంజామా. ఆ వేసవీ, వానాకాలమూ గడిపిన కథే ఈ పుస్తకం.

మంచి పుస్తకం. ముందు ఆ మాట చెప్పాలి. ఎక్కడా గొంతు పెంచడు. పువ్వుని చూసి మూర్ఛపోవడం, హృదయం ఆకాశంలో తేలిపోవడం వంటి మన నవలల్లో నాయకుల చేష్టలు ఆయనకి లేవు. నీలిరంగు గసగసాల పువ్వు గురించి చెబుతున్నా, రాతి సందుల్లో పూసే ప్రిములా గురించి చెబుతున్నా, అది ఏ మట్టిలో పెరుగుతోంది, నీడలోనా ఎండలోనా అని ముందు చూస్తాడు. సొంతంగా తోట పెంచుకున్న మనిషి రాసినట్టు తెలిసిపోతుంది. ఆ పుటలు చదివి వినిపిస్తే మా వదిన వత్తులు చెయ్యడం ఆపి వింది. "అంతే, నీళ్ళు నిలిస్తే చస్తుంది అది" అని, హిమాలయాల మొక్క తన కుండీలోదే అయినట్టు మధ్యలో వంత పాడింది కూడా.

సరదా అయిన అధ్యాయం కూడా ఒకటుంది. ఎత్తయిన మంచు మీద పెద్ద పెద్ద అడుగుజాడలు కనబడతాయి. తోడున్న సహాయకులు అవి మంచుమనిషివే అంటారు. స్మైత్ భయపడనూ లేదు, వెక్కిరించనూ లేదు. కొలతలు తీసుకుని, ఫోటోలు తీసి, నిపుణులకి పంపాడు. ఎలుగుబంటి అని తేల్చారు. భూతం వుందన్నా లేదన్నా కొలిచి చూసి చెప్పే గుణం నాకు నచ్చింది. మనలో చాలామందికి, నాతో సహా, ఆ గుణం లేదు.

మరి లోపాలు? ఉన్నాయి. పుస్తకంలో పెద్ద భాగం శిఖరాలు ఎక్కడమే. నీలగిరి పర్బత్, మానా శిఖరం... ఒకటి అయ్యాక ఒకటి. పూల దగ్గర కూర్చోబెట్టి, కథ రుచి తగిలే వేళకి మనల్ని లేపి తాళ్ళూ గొడ్డళ్ళూ పట్టించి మంచు మీదకి లాక్కుపోతాడు. అది ఆయన స్వభావం, సరే. అంతకంటే పెద్ద లోపం ఇంకోటుంది.

ఆ లోయ ఆయనకి శాంతి నిలయం. యూరపులో యుద్ధమేఘాలు కమ్ముకుంటున్న రోజులవి. యంత్రాలూ హడావిడీ లేని చోటు ఒకటి ఈ భూమ్మీద మిగిలి వుందని ఆయనకి గొప్ప ఊరట. ఆ ఊరట నాకు అర్థమవుతుంది. కాని ఆ శాంతి ఎవరిది? పుస్తకంలో గొర్రెల కాపరులున్నారు, మూటలు మోసేవాళ్ళున్నారు. వాళ్ళని ఆయన ఆప్యాయంగానే చూస్తాడు. అయినా వాళ్ళు బొమ్మలో పక్కన గీసిన మనుషుల్లా వుండిపోతారు. పుస్తకం మూసేశాక ఒక్క ఆడమనిషి ముఖమైనా నా కళ్ళ ముందు నిలవలేదు. ఆ లోయ కింది వూళ్ళో ఆడవాళ్ళు లేరా? ఆ కొండమీద గడ్డి ఎవరు కోశారు? గొర్రె బొచ్చు ఎవరు వడికారు?

ఆ పుస్తకం తర్వాత వచ్చిన ప్రయాణపు కరపత్రాలు ఇంకో మెట్టు పైకెక్కాయి. 1931లో ఆ లోయని "కనుగొన్నారు" అని రాస్తాయి. మన వంటింట్లోకి కొత్తల్లుడు వచ్చి పోపుల డబ్బా కనుగొన్నట్టు! అదే కరపత్రంలో రెండు వాక్యాల తర్వాత, స్థానికులు అక్కడ దేవకన్యలున్నారని భయపడి అడుగు పెట్టేవారు కాదంటారు. ఇంకో పుటలో, మందలు మేసి పాడుచేస్తున్నాయని మేత ఆపించారంటారు. భయపడి వెళ్ళని వాళ్ళ మందలు ఎలా మేశాయండీ? రాసేవాళ్ళకి ఈ సందేహం రాకపోవడమే నాకు ఆశ్చర్యం.

భ్యూందార్ వాళ్ళకి రెండు వూళ్ళు. చలికాలం కింద పుల్నాలో, వేసవికి పైన భ్యూందార్ లో. వాళ్ళ మందలు వేసవిలో ఈ లోయకి వెళ్ళేవి. 1982లో దీన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 87.5 చదరపు కిలోమీటర్లు. దాంతో మేత ఆగిపోయింది. 2005లో నందాదేవితో కలిపి ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. మందలకీ, పెరిగిపోతున్న జనానికీ పూలు బలైపోతాయన్న భయం వూరికే పుట్టింది కాదు. కస్తూరిమృగం, మంచు చిరుత, ఎలుగు తిరిగే చోటది. కాపాడుకోవలసిందే. అయితే మేత ఆగిన తర్వాత ఒక మొండి మొక్క మనిషెత్తున పెరిగి చిన్న పూలమొక్కల్ని కప్పేయడం మొదలెట్టింది. పశువులు లేకపోవడం వల్లేనని కొందరు శాస్త్రజ్ఞులు, కాదని కొందరు వాదించుకున్నారు. చివరికి అటవీ శాఖవారు మనుషుల్ని పెట్టి ఆ మొక్కని పీకించవలసి వచ్చింది. ఇందులో ఎవరిది ఒప్పో నేను తేల్చలేను. కాని ఇల్లు ఖాళీ చేయించి, తర్వాత చీపురు పట్టుకునే మనిషి కోసం వెతుక్కోవడం నేను చాలా కుటుంబాల్లో చూశాను.

2013 జూన్ వరదల్లో ఆ భ్యూందార్ వూరు చాలావరకు పాడైపోయింది. పూల లోయ ఫోటోలు క్యాలెండర్ల మీద అలాగే వున్నాయి. వూరి ఫోటో ఏ క్యాలెండరూ వెయ్యలేదు.

వాళ్ళకి అడవి అంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అదే చమోలీ జిల్లాలో రేణీ అని ఇంకో వూరుంది. 1974 మార్చి 26న చెట్లు నరికేవాళ్ళు వచ్చారు. మగవాళ్ళందరూ నష్టపరిహారం డబ్బు కోసం చమోలీకి వెళ్ళిన రోజది. గౌరాదేవి అనే ఆవిడ వూళ్ళో ఆడవాళ్ళని వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్ళి చెట్లకి అడ్డం నిలబడింది. నరికేవాళ్ళు వెనక్కి తిరిగారు. చిప్కో వుద్యమం అంటే ప్రపంచమంతా ఇవాళ్టికీ తలుచుకునేది ఆ రోజునే. చదువుకోని పల్లెటూరి ఆడవాళ్ళు ఆ పూట చేసింది నాలాటి వాళ్ళు నూరు నవలలు రాసీ చెయ్యలేరు.

ఇవన్నీ మండలిలో చెబుతుంటే పై ఇంటి టీచరుగారు, "ఇంతకీ ఆ లోయకి వెళ్ళిన ఆడది ఒక్కర్తీ లేదా?" అన్నారు. వుంది. ఆ కథ చెప్పకుండా ఈ పుస్తకం గురించి చెప్పడం పూర్తి కాదు.

పుస్తకం వెలువడిన మరుసటేడు, అంటే 1939లో, ఇంగ్లండు నుంచి జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆవిడ పూలమొక్కలు సేకరించడానికి ఆ లోయకి వచ్చింది. యాభై నాలుగేళ్ళావిడ. శిఖరాలు ఎక్కడానికి రాలేదు. ఎవరి భార్యగానూ, ఎవరికి తోడుగానూ రాలేదు. పూల కోసం వచ్చింది. జూలై 4న ఒక వాలు మీద పూలు సేకరిస్తూ కాలు జారి పడి చనిపోయింది. అక్కడే సమాధి చేశారు. తర్వాత వాళ్ళ అక్కచెల్లెళ్ళలో ఒకరు అంత దూరం వచ్చి సమాధి మీద రాయి వేయించారు. ఇవాళ లోయలోకి వెళ్ళేవాళ్ళు చాలామంది అక్కడిదాకా నడిచి, కాసేపు నిలబడి వెనక్కి వస్తారు.

నేనిది చెప్పగానే మండలిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. నాకు మాత్రం ద్రౌపది గుర్తొచ్చింది.

మన భారతంలో పాండవులు బదరీ ప్రాంతంలో వుండగా ఎక్కణ్ణించో గాలికి ఒక సౌగంధిక పుష్పం కొట్టుకొచ్చి ద్రౌపది ముందు పడుతుంది. ఇలాటివి ఇంకా కావాలంటుంది. భీముడు గద తీసుకుని బయల్దేరతాడు. దారిలో తోక అడ్డం పెట్టిన హనుమంతుడు. బదరీకి వెళ్ళే దారిలో హనుమాన్ చట్టి అనే చోటు అదేనంటారు. తర్వాత కుబేరుడి కొలను, కాపలాదార్లతో యుద్ధం. అటవీ శాఖ వుండి వుంటే భీముడి మీద ఎన్ని కేసులు పెట్టేవారో! ఇలాటి సాహసం మళ్ళీ చెయ్యకని ధర్మరాజు తమ్ముణ్ణి మందలించాడు కూడా. కథంతా భీముడి పరాక్రమమే. అడిగిన మనిషి దారి చూస్తూ కూర్చుంది. ఆ కొలను ఎలా వుందని ఆవిడ అడిగిందా? నేనూ వస్తానని ఎందుకు అనలేదు? కట్టుబట్టలతో అడవులన్నీ నడిచిన మనిషే!

ఇంకోవైపు సత్యభామ. నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఆవిడ కూర్చుని దారి చూసే రకం కాదు. కృష్ణుడితో కలిసి గరుత్మంతుడి మీద స్వర్గానికి వెళ్ళింది. నాకు ఎప్పుడూ సత్యభామంటే ఇష్టం. కాని వెళ్ళి ఏం చేసింది? చెట్టునే పెళ్ళగించి తెచ్చి తన పెరట్లో వేయించుకుంది. స్మైత్ కూడా కొంతవరకూ సత్యభామే. విత్తనాలూ దుంపలూ పట్టుకెళ్ళాడు. జోన్ మార్గరెట్ వచ్చిందీ సేకరణకే. ఆ కాలంలో అది తప్పనిపించలేదు. ఇప్పుడైతే ఒక్క రేకు తుంపినా తప్పే.

మన సాహిత్యమంతా పువ్వు మన దగ్గరికి రావాలనే నేర్పింది మనకి. జడలోకి, దేవుడి పాదాల మీదకి, శోభనం గది మంచం మీదకి. నా నవలల్లోనూ అంతే. ఎన్ని పుటల్లో నాయకుడు మూర మల్లెపూలు తెచ్చి నాయిక చేతికి ఇచ్చాడో లెక్క లేదు. పువ్వు వున్నచోటికి మనమే నడిచి వెళ్ళి, చూసి, వుత్త చేతులతో తిరిగి రావడం అనే సన్నివేశం నేను ఒక్కటీ రాయలేదు. స్మైత్ పుస్తకం చదివాక నాకు కలిగిన సిగ్గు అదీ. ఆయన లోపాలు ఎంచుతూ కూర్చున్నాను గానీ, ఆయన వెళ్ళాడు కదా!

అన్నీ విన్నాక యాత్రలు నడిపే ఆయన, "అయితే ఆ లోయ కొట్టేద్దాం అమ్మా. మే నెలలోనే హాయిగా దర్శనం చేసుకొద్దాం. వానల్లో కొండచరియలు విరిగి పడతాయి" అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పూల కాలమూ, దారులు మూసుకుపోయే కాలమూ ఒకటే. రెండూ ఆ వాన చేసే పనే. జోషీమఠ్ లో 2023 జనవరిలో ఇళ్ళు బీటలు వారిన సంగతి మనందరం పేపర్లలో చదివాం. ఆ కొండలు అంత గట్టివి కావు. ఇద్దరు వెంటనే మే నెలకి ఓటేశారు. వాళ్ళని తప్పు పట్టను. ఒకరికి కూతురి పురుడు ఆగస్టులో, ఇంకొకరికి బీపీ.

మిగిలింది టీచరుగారు, నేను, మా వదిన.

అసలు చిక్కు వదినతోనే వచ్చింది. ఘాంఘరియా దాకా గుర్రమెక్కచ్చు. కాని లోయలోకి గుర్రాల్ని రానివ్వరు. నడవలేనివాళ్ళని 'కండీ' అనే బుట్టలో కూర్చోబెట్టి ఒక మనిషి వీపున మోసుకెళతాడు. ఆ మనుషుల్లో చాలామంది నేపాల్ నుంచి వచ్చినవాళ్ళే.

"ఒక మనిషి వీపు మీద కూర్చుని పూలు చూడ్డానికి వెళ్ళాలా? నాకొద్దు" అంది వదిన.

"అతనికి అదే బతుకుతెరువు వదినా. మీరు ఎక్కకపోతే ఆ పూట కూలి పోతుంది" అన్నాను.

"ఎక్కితే నా మనసు పోతుంది."

ఇద్దరం చెప్పింది నిజమే. ఈ చిక్కుకి స్మైత్ పుస్తకంలో జవాబు దొరకలేదు. ఆయన సామాను కూడా ఇతరుల వీపులే మోశాయి. ఆయన వాళ్ళ పేర్లు రాశాడు, వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకున్నాడు, అంతవరకూ నయం. తన బరువు మాత్రం తను లెక్క వేసుకున్నట్టు కనపడదు. మా వదిన వేసుకుంది. సాహిత్య విమర్శ అని నేను నెల రోజులు పుస్తకంతో కుస్తీ పడితే, అందులో లేనిదేమిటో ఆవిడ ఒక్క మాటలో పట్టుకుంది.

రెండు రోజులు ఆ సంగతి ఎవరమూ ఎత్తలేదు. మూడో రోజు పొద్దున్న ఆవిడే మేడమీంచి దిగుతూ అంది: "ఘాంఘరియా దాకా గుర్రం. ఆ పైన నా కాళ్ళు ఎంతవరకు తీసుకెళితే అంతవరకు. ఎక్కడ ఆగిపోతే అక్కడ కూర్చుంటాను. మీరిద్దరూ లోపలికెళ్ళి చూసొచ్చి చెప్పండి."

"చెప్పడం ఏమిటి వదినా? అలా అయితే మీరూ ద్రౌపదే అవుతారు" అన్నాను నవ్వుతూ.

"ద్రౌపది అన్ని కొండలెక్కలేదు. నేను సగమైనా ఎక్కుతాను" అంది.

అందుకని మా ప్రణాళిక ఇలా మారింది. జూలై చివరి వారం. రిషీకేశ్ నుంచి జోషీమఠ్ కి ఒక పూర్తి పగలు, సుమారు 250 కిలోమీటర్లు. అక్కడ ఒక రోజు వూరికే వుండటం, ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడాలి కదా. తర్వాత ఘాంఘరియాకి ఒక రోజు. లోయకి ఒకటి కాదు, రెండు రోజులు. మొదటి రోజు వాన పట్టుకుంటే రెండో రోజు వుంటుంది. రెండు రోజులుంటే వదిన తొందర పడకుండా అడుగులో అడుగు వేసుకుంటూ నడవచ్చు. ఓపిక వున్నవాళ్ళకి పైన హేమకుండ్ వుంది. సిక్కుల పవిత్ర సరస్సు, 4,300 మీటర్ల పైన. ఒడ్డునే లక్ష్మణుడి గుడి. బ్రహ్మకమలాలు కనిపించేది ఆ చుట్టుపక్కలే. దిగి వచ్చాక బదరీ దర్శనం. చివర్లో రెండు రోజులు ఏ పేరూ రాయకుండా ఖాళీగా వదిలేశాం. కొండచరియ పడి దారి మూసుకుంటే ఆ రోజులు దానివి. పన్నెండు రోజుల కాగితంలో అలాటి ఖాళీ ఒక్కటీ లేదు. మేము తెలుసుకుని పెట్టుకున్న గొప్ప మార్పు బహుశా అదేనేమో.

సామాను గురించి టీచరుగారు ఒక జాబితా రాశారు. వానకోటు, పట్టున్న బూట్లు, రెండు జతల వున్ని మేజోళ్ళు, చేతికర్ర, మందులు. పచ్చళ్ళ సీసాలు రాయబోతే నేనే ఆపాను. ప్లాస్టిక్ చెత్త ఏదైనా సరే పట్టుకెళ్ళింది పట్టుకురావాలి. వదిన మాత్రం ఆ జాబితా చివర ఒక మాట చేర్పించింది: భ్యూందార్ వూరి వాళ్ళనే తోడు తీసుకెళ్ళాలి, లోయ సంగతులు వాళ్ళనే అడగాలి. నేను స్మైత్ మీద పుటలకి పుటలు విమర్శ రాస్తే దానికి ఆవిడ రాసిన ముగింపు ఆ ఒక్క పంక్తీ!

ఇదే ప్రశ్న మన ఇంటి దగ్గరా వుంది. శ్రీశైలం, అహోబిలం వెళ్ళేటప్పుడు నల్లమల మీదుగా కారు అద్దాలు మూసుకుని వెళ్ళిపోతాం. 1983 నుంచి అందులో పెద్ద భాగం పులుల రక్షిత ప్రాంతం. మన నరసింహస్వామికి అత్తవారిల్లు చెంచుల గూడెమే కదా! ఆ గూడేలు ఎక్కడున్నాయో, అందులోవాళ్ళు ఎలా బతుకుతున్నారో ఆ కారులోంచి మనం ఎప్పుడన్నా అడిగామా? హిమాలయాలనుంచి వచ్చాక అక్కడికి కూడా ఓసారి సరిగ్గా వెళ్ళి రావాలని మేం ముగ్గురం అనుకున్నాం.

చివరగా, పుస్తకం వెళ్ళదగ్గ చోటుని చెబుతోందా లేదా అన్న మా వదిన ప్రశ్నకి నా జవాబు. స్మైత్ ని చదవండి. లోయ ఎలా వుంటుందో ఆయన చాలా నిజాయితీగా చెబుతాడు. లోయ ఎవరిదో ఆయన్ని అడక్కండి, ఆయనకి తెలీదు. దానికి ఆ కింది వూళ్ళో కాసేపు కూర్చోవాలి. ఆయన పుస్తకం చదివి ఇంట్లోనే కళ్ళు మూసుకుని ఆనందిస్తే చాలదా అంటారా? నాకూ మొదట అలాగే అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

నిన్న వదిన మేడ మీద నుంచి కేకేసింది. వెళ్ళి చూద్దును కదా, మోకాళ్ళకి పట్టీలు బిగించుకుని మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ వుంది. అప్పటికి పదకొండు సార్లయిందట. లెక్క తప్పకుండా నన్ను అక్కడే నిలబడమంది.